ఆమె వెతికే మాటల్లో మనం ఉన్నామా?

వార్షిక నివేదిక రాసే సమయం వచ్చిందంటే మన సంస్థల్లో ఒక వాక్యం తప్పకుండా చేరుతుంది: 'మా వెబ్‌సైట్‌ను ఇన్ని వేలమంది చూశారు.' నిధులిచ్చేవారు ఆ అంకె చూసి సంతృప్తి పడతారు, మనమూ పడతాం. వచ్చినవాళ్లు ఏం అడుగుతూ వచ్చారు, వాళ్లకు కావలసింది దొరికిందా అన్న ప్రశ్న మాత్రం ఎవరమూ వేసుకోం. ఒకప్పుడు బస్తీలో కరపత్రం పంచితే, తీసుకున్న స్త్రీ ముఖం చూసేవాళ్లం. మీటింగులో ఆమె అడిగిన ప్రశ్నను బట్టి తర్వాతి కరపత్రం మార్చి రాసేవాళ్లం. వెబ్‌సైట్ దగ్గరికి వచ్చేసరికి ఆ అలవాటును ఎందుకు వదిలేశాం?

ఆ ప్రశ్నలను కొంతవరకైనా తెలుసుకునే సాధనం ఒకటి ఉంది. గూగుల్ సంస్థ ఉచితంగా ఇచ్చే దీన్ని మొదట్లో వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు, 2015 నుంచి సెర్చ్ కన్సోల్ అంటున్నారు. వెబ్‌సైట్ మనదేనని ఒకసారి రుజువు చేసుకుంటే చాలు. జనం ఏ మాటలు టైపు చేసినప్పుడు మన పేజీ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎన్నిసార్లు దాన్ని నొక్కి లోపలికి వచ్చారు, ఫలితాల వరుసలో సగటున మన స్థానం ఎంత అన్నవి గడిచిన 16 నెలలవరకు చూసుకోవచ్చు. వెతికినవారి పేరు గానీ ఫోన్ నంబరు గానీ అందులో ఉండవు. ఏ దేశం, ఫోనా కంప్యూటరా అన్నంతవరకే తెలుస్తుంది.

ఇదంతా సాంకేతిక విషయం, కుర్రవాళ్లు చూసుకుంటారులే అని నేనూ చాలాకాలం దీని జోలికి పోలేదు. నేను పనిచేసే సంస్థలో ఆ జాబితాను మొదటిసారి తెరిచి చూసినప్పుడు సిగ్గనిపించింది. మేము మా పేజీకి పెట్టిన శీర్షిక 'గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం, 2005: ఒక సమగ్ర అవగాహన'. జాబితాలో ఉన్న మాటలు వేరు. 'భర్త కొడితే ఎక్కడ చెప్పాలి', 'విడాకులు తీసుకోకుండా ఖర్చులు అడగొచ్చా', 'ఇంట్లోంచి వెళ్లిపొమ్మంటే ఏం చేయాలి'. కొన్ని తెలుగు ప్రశ్నలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. ఆ మాటలకు మా పేజీ కనిపించింది గానీ ఎక్కడో అడుగున. నొక్కినవాళ్లు దాదాపు లేరు. 'గృహహింస చట్టం' అని టైపు చేసినవాళ్లు మాత్రం బాగానే వచ్చారు. వారిలో ఎక్కువమంది లా విద్యార్థులో, పోటీ పరీక్షలకు చదివేవాళ్లో అయి ఉంటారని నా అనుమానం.

ఆ ఇంటిమీద ఆమెకు వాటా ఉన్నా లేకపోయినా, భర్తతో కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కును ఆ చట్టంలోని 17వ సెక్షన్ ఇస్తుంది. ఆ సంగతి మా పేజీలోనే ఉంది. కాకపోతే పదకొండో పేరాలో, లాయర్ల భాషలో. ఎవరికోసం రాశామో వాళ్లకు అందకుండా రాసుకున్నాం. తర్వాత ఆమె ప్రశ్ననే శీర్షికగా పెట్టి, మొదటి రెండు వాక్యాల్లో జవాబు చెప్పి, 181 హెల్ప్‌లైన్ నంబరు పైనే ఇచ్చాం. కొన్ని నెలలకు ఆ ప్రశ్నతో లోపలికి వచ్చేవాళ్లు కనిపించసాగారు.

498-ఎ సంగతి చూడండి. 1983లో వచ్చిన ఈ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షన్లు అమల్లోకి వచ్చాయి. జనం నోట మాత్రం '498-ఎ' అలాగే ఉంది, వెతికేదీ ఆ అంకెతోనే. పాత పేజీ తీసేస్తే వాళ్లకు మనం దొరకం. ముట్టుకోకుండా వదిలేస్తే పాత చట్టం చదువుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్తారు. పాత అంకెను శీర్షికలో ఉంచి, కొత్త సెక్షన్లనూ, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాతదే వర్తిస్తుందనీ మొదట్లోనే చెప్పాలి.

ఈ సాధనం మన పేజీల్లో ఏవి గూగుల్ లెక్కలోకి ఎక్కలేదో కూడా చెబుతుంది. మన పాత సంచికలు, కరపత్రాలు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. కంటికి తెలుగులా కనిపించే ఆ అక్షరాలు యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. యూనికోడ్‌లోకి మార్చకపోతే ఇన్నేళ్ల మన రాత ఉన్నా వెతికేవారికి లేనట్లే.

ఇది మార్కెటింగ్ వాళ్ల పని, ఉద్యమానిది కాదని కొందరు మిత్రులంటారు. ఒక విదేశీ కంపెనీ ఇచ్చే వరుస నంబరు మన పనికి కొలమానం కాకూడదన్న వారి మాటతో నాకూ పేచీ లేదు. పైకి రావడం కోసం ప్రతి హత్యనూ సంచలనంగా రాసే దారి మనకు వద్దు. అయితే స్త్రీలు అడిగే ప్రశ్నలు వినడం మార్కెటింగ్ ఎలా అవుతుంది? కౌన్సెలింగ్ కేంద్రంలో రోజూ చేసేది అదే కదా!

దీని పరిమితులు మరచిపోకూడదు. బహు కొద్దిమంది మాత్రమే వెతికిన మాటలను గోప్యత కోసం జాబితాలో చూపించరు. అంటే ఒంటరి ప్రశ్న ఇక్కడా వినిపించదు. అసలు వెతకలేని స్త్రీలూ చాలామంది ఉన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 21 శాతం, తెలంగాణలో సుమారు 26 శాతం. తర్వాతి ఏళ్లలో ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఆ ఫోన్ భర్త చేతిలో ఉండే ఇళ్లెన్ని! అందుకే వెతికిన ఆనవాళ్లు ఫోన్‌లోంచి ఎలా తుడిచేయాలో కూడా ప్రతి పేజీలో రెండు వాక్యాలు రాయాలి. జాబితాను చూసి గ్రామాల్లో తిరగడం మానేస్తే అంతకన్నా పొరపాటు లేదు.

నా ప్రతిపాదనలు రెండే. ఖాతా యజమాని హోదా వెబ్‌సైట్ తయారుచేసి ఇచ్చిన మనిషి పేరున కాక సంస్థ పేరున ఉండాలి. అతను వెళ్లిపోతే మన సమాచారం మనకే తెలియని పరిస్థితి రాకూడదు. మూడు నెలలకొకసారి కార్యకర్తలు, ముఖ్యంగా హెల్ప్‌లైన్‌లో మాట్లాడేవాళ్లు, ఒక గంట కూర్చుని ఆ ప్రశ్నలు పైకి చదవాలి. వాటిలో ఏ ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదో రాసిపెట్టుకోవాలి. వచ్చే మూడు నెలల పని అక్కడి నుంచే మొదలుపెడదాం.