కొత్త ఊరిలో తొలి చిరునామా

హైదరాబాదు నగరానికి ఉత్తర దిశలో, నాగపూరుకు వెళ్ళే జాతీయ రహదారిపై మేడ్చల్, కరీంనగరుకు వెళ్ళే రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందిన ఈ నేలపై నేడు కర్మాగారాలు, కళాశాలలు, వసతి గృహాలు, పరిశోధన సంస్థలు వెలశాయి. ఆదిలాబాదు నుండి చదువు కోసం వచ్చిన విద్యార్థి, శ్రీకాకుళం నుండి ఉద్యోగం కోసం వచ్చిన యువకుడు, ఒడిశా నుండి పని వెదుక్కుంటూ వచ్చిన కార్మికుడు ఇక్కడ ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. వీరిలో పలువురికి ఇది గమ్యం కాదు, మజిలీ. ఇక్కడి కళాశాలలలో పట్టా పుచ్చుకొని అమెరికాకు పయనమయ్యేవారు ఏటా ఎందరో ఉంటారు.

అమెరికాకు వెళ్తున్న బిడ్డకు తల్లిదండ్రులు ఎంతో శ్రద్ధతో సామాను సర్దుతారు. ఆవకాయ, కందిపొడి, కుక్కరు, ఉన్ని దుస్తులు పెట్టెలో చేరుతాయి. ముందుగా వెళ్ళిన స్నేహితులు ఫోను ఎక్కడ కొనాలో, బ్యాంకు ఖాతా ఎలా తెరవాలో చెబుతారు. “చేరిన మొదటి వారంలోనే ఆ ఊరి పౌర గ్రంథాలయానికి వెళ్ళి సభ్యత్వం తీసుకో” అని చెప్పేవారు మాత్రం అరుదు. ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. కాని కొత్త చోట నిలదొక్కుకోవడానికి గ్రంథాలయాన్ని మించిన ఆసరా మరొకటి లేదని నా అభిప్రాయం. అంతేకాదు, ఆ ఆసరాను వాడుకొనే నేర్పు విమానం దిగగానే అలవడేది కాదు. మేడ్చల్‌లోనో, శామీర్‌పేటలోనో ఉండగానే అలవరచుకోవలసినది.

కొత్తగా వచ్చినవారికి సాధారణంగా మూడు కొరవడతాయి: చేతిలో ధనం, పలకరించే మనుషులు, ఆ చోటి మాటతీరు తెలిసిన నిబ్బరం. ఈ మూడు కొరతలనూ కొంతవరకు తీర్చగల చోటు పౌర గ్రంథాలయం. అమెరికాలో సుమారు 17,000 పౌర గ్రంథాలయ భవనాలు ఉన్నాయి. వాటి ఖర్చులో అధిక భాగాన్ని స్థానిక ప్రజల పన్నులే భరిస్తాయి. కనుక ఆ ఊరిలో నివసిస్తున్నట్లు ఆధారం చూపినవారికి సాధారణంగా రుసుము లేకుండానే సభ్యత్వ కార్డు ఇస్తారు. పాస్‌పోర్టు, ఇంటి అద్దె ఒప్పంద పత్రం చాలాచోట్ల సరిపోతాయి. ఆ కార్డుతో పుస్తకాలను ఇంటికి తెచ్చుకోవచ్చు. ఫోనులోనే చదువుకొనే పుస్తకాలను, వినే పుస్తకాలను ఎరువు తీసుకోవచ్చు. తమ వద్ద లేని గ్రంథాన్ని మరొక గ్రంథాలయం నుండి తెప్పించి ఇచ్చే ఏర్పాటు కూడా అనేకచోట్ల ఉంటుంది. ఖరీదైన పుస్తకం కొనలేని విద్యార్థికి ఇది ఎంత ఊరటో వేరుగా చెప్పనక్కరలేదు. గడువు దాటిన పుస్తకాలపై జరిమానాను షికాగో నగర గ్రంథాలయం 2019లో, న్యూయార్క్ నగర గ్రంథాలయాలు 2021లో రద్దు చేశాయి. జరిమానాకు వెరచి పేదలు గ్రంథాలయానికి దూరం కారాదన్నదే అందులోని ఉద్దేశం.

గ్రంథాలయ సేవ పుస్తకాలతోనే ముగియదు. అనేక గ్రంథాలయాలలో ఆంగ్ల సంభాషణ బృందాలు క్రమం తప్పక సమావేశమవుతాయి. మెక్సికో నుండి వచ్చిన తల్లి, చైనా నుండి వచ్చిన వృద్ధుడు, మన తెలుగు గృహిణి అక్కడ ఒకే బల్ల చుట్టూ కూర్చొని మాట్లాడడం నేర్చుకోవచ్చు. పసిపిల్లలకు కథలు చదివి వినిపించే వేళలు ఉంటాయి. ఉద్యోగ దరఖాస్తు తయారీకి, డ్రైవింగ్ పరీక్షకు, పౌరసత్వ పరీక్షకు కావలసిన సామగ్రి లభిస్తుంది. వీసా నిబంధనల వల్ల ఉద్యోగం చేసే వీలులేక నాలుగు గోడల మధ్య ఉండిపోయే ఇల్లాలికి, మనుమలను చూడడానికి వెళ్ళి పగలంతా ఒంటరిగా గడిపే తాతయ్యకు, అమ్మమ్మకు అటువంటి చోటు అందుబాటులో ఉండడం కేవలం కాలక్షేపం కాదు, అది మనోబలం. ఏమీ కొనకుండా, ఎందుకు వచ్చావని ఎవరూ అడగకుండా గంటల తరబడి కూర్చోగల చోట్లు ఏ నగరంలోనైనా ఎన్ని ఉంటాయి?

ఇన్ని సౌకర్యాలున్నా వాటిని వినియోగించుకోలేనివారు మనలో ఎందరో ఉన్నారు. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అమెరికా గ్రంథాలయంలో పాఠకుల ప్రశ్నలకు సమాధానం వెదకి పెట్టడం కొందరు ఉద్యోగుల ప్రత్యేక బాధ్యత. అయినా మనవారు వారి బల్ల ముందు నుండి మౌనంగా నడిచిపోతారు. తప్పుగా మాట్లాడతామేమోనన్న జంకు ఒకటి, తెలియదని బయటపడుతుందేమోనన్న బిడియం మరొకటి. దీనికి మూలం మన అలవాటులోనే ఉంది. మన విద్యార్థులకు గ్రంథాలయమంటే పోటీ పరీక్షల కోసం మౌనంగా కూర్చొని చదువుకొనే గది, లేదా వార్తాపత్రికలు తిరగవేసే చోటు. గ్రంథపాలకుని సమీపించి “అయ్యా, ఈ విషయం తెలుసుకోవాలి, ఏ పుస్తకం చదవమంటారు?” అని అడిగిన అనుభవం ఎందరికి ఉంది? ఇక్కడ అడగనివారు అక్కడ ఒక్కసారిగా అడగడం నేర్చుకోలేరు.

అడగడం వల్ల ఎంత మేలు జరుగుతుందో తెలిపే ఒక యథార్థ గాథ అమెరికా చరిత్రలోనే ఉంది. 1848లో స్కాట్లండు నుండి ఒక నిరుపేద కుటుంబం పెన్సిల్వేనియాకు వలస వచ్చింది. ఆ కుటుంబంలోని బాలుడు వారానికి 1 డాలరు 20 సెంట్ల వేతనంపై నూలు మిల్లులో పనికి కుదిరాడు. కల్నల్ జేమ్స్ ఆండర్సన్ అనే పెద్దమనిషి సుమారు 400 పుస్తకాలు గల తన గ్రంథాలయాన్ని పనిచేసుకొనే బాలురకు తెరిచాడు. ప్రతి శనివారం ఒక పుస్తకం తీసుకువెళ్ళవచ్చు. తరువాత ఆ గ్రంథాలయం నిర్వాహకులు కొందరు బాలురకు ఏడాదికి 2 డాలర్ల చందా విధించగా, ఈ బాలుడు ఊరుకోలేదు. ఇది న్యాయం కాదని పత్రికకు లేఖ రాశాడు. చివరకు నిర్వాహకులు మెత్తబడ్డారు. ఆ బాలుడే ఆండ్రూ కార్నెగీ. ఉక్కు పరిశ్రమలో కోట్లు గడించిన ఆయన అమెరికాలో 1,600కు పైగా గ్రంథాలయ భవనాలకు ధనమిచ్చాడు. తన కర్మాగారాలలోని కార్మికుల పట్ల ఆయన వ్యవహరించిన తీరుపై విమర్శలు లేకపోలేదు. అయినా కొత్తగా వచ్చిన ఒక పేద బాలునికి పుస్తకాల తలుపు తెరిస్తే ఏమి జరుగుతుందో ఆయన జీవితం చెబుతుంది. ఆ తలుపు మూసుకోబోయినప్పుడు నోరు విప్పడం ఎంత అవసరమో కూడా చెబుతుంది.

గ్రంథాలయ చరిత్రలో మనమూ వెనుకబడినవారం కాము. నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారు లక్షలాదిగా ఉన్నా, చదువులలోనూ కార్యాలయాలలోనూ తెలుగుకు చోటు లేని రోజులవి. సొంతగడ్డపైనే తమ భాష పరాయిదైన ఆ కాలంలో, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు, నాయని వెంకట రంగారావు, రావిచెట్టు రంగారావు దాని స్థాపనకు పాటుపడ్డారు. 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం ఏర్పడింది. 1935లో కోస్తా ప్రాంతాన పాతూరి నాగభూషణం గారి కృషితో కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. ఆనాడు గ్రంథాలయమే పడవనెక్కి పాఠకుని వెదుక్కుంటూ వెళ్ళింది. ఈనాడు నాలుగడుగులు వేసి గ్రంథాలయాన్ని చేరే తీరిక మనకు లేకుండా పోయింది.

ఫోనులో సమస్తమూ దొరుకుతుండగా గ్రంథాలయమెందుకని కొందరు ప్రశ్నిస్తారు. ఫోను సమాచారాన్ని కుప్పగా పోస్తుంది. అందులో గింజ ఏదో పొట్టు ఏదో చెప్పే మనిషి గ్రంథాలయంలో ఉంటాడు. పైగా ఫోను మనలను ఒంటరిని చేస్తుంది. గ్రంథాలయం నలుగురి నడుమ కూర్చోబెడుతుంది. కొత్త ఊరిలో రెండవదే ఎక్కువ అవసరం.

మన గ్రంథాలయాలలో ఏముందని మరికొందరు ఆక్షేపిస్తారు. పాత పుస్తకాలు, చాలీచాలని సిబ్బంది, ఇరుకు గదులు అనేకచోట్ల ఉన్న మాట నిజమే. అయితే 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చెల్లిస్తున్నాం. ఇంటి యజమాని కట్టే పన్ను భారం అద్దెలోనూ కలుస్తుంది. కనుక మేడ్చల్‌లో నలుగురితో కలిసి ఒక గది అద్దెకు తీసుకున్న విద్యార్థి సైతం ఎంతో కొంత చెల్లిస్తున్నవాడే. గ్రంథాలయం ఉచితం కాదు, మనం ముందే వెల చెల్లించినది. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ పన్ను గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఏళ్ళ తరబడి వినిపిస్తూనే ఉంది. పాఠకులు లేని గ్రంథాలయం పక్షాన ఎవరు నిలబడి అడుగుతారు? మనం వెళ్ళకపోవడం వల్ల అది క్షీణిస్తుంది. క్షీణించిందని మనం వెళ్ళడం మానుతాం. ఈ వలయాన్ని ఛేదించవలసినది పాఠకులే.

విద్యార్థులు ఈ వారంలోనే తమకు సమీపంలోని శాఖా గ్రంథాలయం ఎక్కడ ఉందో తెలుసుకోవాలి. సభ్యత్వం పొందాలి. తనకు తెలియని ఒక విషయాన్ని గురించి గ్రంథపాలకుని నోరార అడగాలి. కావలసిన పుస్తకం లేకపోతే తెప్పించమని రాసి ఇవ్వాలి. సెలవు దొరికినప్పుడు 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమై, నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా ఉన్న సంస్థను దర్శించాలి. అమెరికా వెళ్ళినా, వెళ్ళకపోయినా ఈ అలవాటు వృథా పోదు. పెట్టెలో సర్దిన ఆవకాయ కొన్ని నెలలకు అయిపోతుంది. అడిగి తెలుసుకొనే అలవాటును సర్దుకొని వెళ్ళినవారికి మాత్రం ఏ ఊరూ ఎంతో కాలం కొత్త ఊరు కాదు.