వెనుకకు పిలిచిన బండి – ముందుకు రాని డీలరు

మన డెల్టాలో మోటారుసైకిలు విలాసవస్తువుగా ఉండిన రోజులు ఎన్నడో గడిచినవి. బందరు నుండి గుడివాడకు, అవనిగడ్డ నుండి నాగాయలంకకు, కోడూరు నుండి హంసలదీవికి పోవు దారులలో తెల్లవారుజామున కొంతసేపు నిలిచి చూచినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. పాలక్యానులు, చేపల బుట్టలు, రొయ్యల మేత సంచులు, ఎరువు బస్తాలు, బడికి పోవు పిల్లలు, ఆసుపత్రికి పోవు ముసలివారు — అందరికీ, అన్నిటికీ ఆ రెండు చక్రములే ఆధారము. మన కళాశాల ఆవరణలో బారులు తీరిన బండ్లలో పెక్కు, ఇంటిల్లిపాదికీ ఉన్న ఒకే ఒక్క వాహనములని మాకు తెలియును. ఉదయము పాలు పోసి వచ్చిన బండియే తొమ్మిది గంటలకు కుమారుని తరగతికి చేర్చును. అట్టి బండిలో లోపమున్నదనియు, దానిని సరిచేయవలసిన పూచీ తనదేననియు తయారుచేసిన కంపెనీయే ఒప్పుకొన్న తరువాత కూడ ఆ పని జరుగకపోవుట చిన్న విషయముగా మేము తలచుట లేదు.

మేము ప్రస్తావింపదలచిన భాగము ఇగ్నిషన్ స్విచ్. తాళపుచెవి దూర్చి త్రిప్పు ఆ చిన్న డబ్బాలో పైన లాకు, దాని అడుగున లోహపు కాంటాక్టులు, వాటిని ఒత్తిపట్టు స్ప్రింగులు, అక్కడినుండి బయలుదేరు తీగలు — ఇంతే నిర్మాణము. పాతకాలపు బండ్లలో పెక్కింటికి ఇంజను తిరుగుచున్నంతసేపు మాగ్నెటోలో పుట్టు విద్యుత్తే స్పార్కుకు చాలెడిది. బ్యాటరీ చచ్చినను కిక్కు కొట్టి ఇల్లు చేరుకొనెడివారు. నేటి పరిస్థితి వేరు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.–6 ప్రమాణములు అమలులోనికి వచ్చిన పిమ్మట ఫ్యూయల్ ఇంజెక్షన్ పద్ధతి సర్వసాధారణమైనది. పెట్రోలు పంపునకు, ఇంజనును అదుపు చేయు ఎలక్ట్రానిక్ పెట్టెకు, దీపమునకు, ఏ.బి.ఎస్. ఉన్న బండ్లలో ఆ బ్రేకు యంత్రమునకు — అన్నిటికీ విద్యుత్తు ఆ స్విచ్ అదుపులోనే ఉండును. గోతిలో చక్రము పడిన కుదుపునకు లోపలి పట్టు జారినచో ఇంజను ఆగును, దీపము ఆరును. పట్టపగలు బజారులో ఇది చికాకు మాత్రమే. రాత్రివేళ ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క చేపల చెరువు, వెనుక లారీ ఉన్న ఇరుకు గట్టుమీద ఇదే ప్రాణాపాయము. ఉప్పుగాలికి ఇనుము, ఇత్తడి త్వరగా చెడిపోవు దివిసీమ వంటి ప్రాంతమున ఈ భయము మరికొంత ఎక్కువ.

చిన్న స్విచ్ ఎంత అనర్థము తేగలదో అమెరికాలోని జనరల్ మోటార్స్ కార్ల వృత్తాంతము తెలుపుచున్నది. ఆ కార్ల స్విచ్‌లో స్ప్రింగు పట్టు చాలనందున, నడుచుచుండగనే తాళపుచెవి జారి ఇంజను ఆగిపోయెడిది. ప్రమాదవేళ తెరుచుకొనవలసిన ఎయిర్‌బ్యాగులు తెరుచుకొనెడివి కావు. ఈ సంగతి కంపెనీ ఇంజనీర్లకు ఏండ్ల తరబడి తెలిసియే ఉన్నది. 2005లో డీలర్లకు పంపిన సూచన ఏమనగా, తాళపుచెవుల గుత్తిలో బరువు తగ్గించుకొనుమని కొనుగోలుదారులకు చెప్పుడని! 2006లో భాగమును మార్చిరి గాని దాని సంఖ్యను మార్చలేదు. దానితో ఏది పాతదో, ఏది క్రొత్తదో కనుగొనుట దుర్లభమైనది. చివరకు 2014లో దాదాపు 26 లక్షల కార్లను వెనుకకు పిలిచిరి. కంపెనీ ఏర్పరచిన పరిహారనిధియే 124 మరణములను ఈ లోపమునకు చెందినవిగా అంగీకరించినది. 2015లో 90 కోట్ల డాలర్లు చెల్లించుటకు కంపెనీ ఒడంబడినది. సరిచేయుటకు భాగమొక్కింటికి ఒక డాలరైనను పట్టని పని అది.

మన దేశమున కూడ రీకాల్ అను మాట ఇప్పుడు క్రొత్తది కాదు. తయారీదారుల సంఘము 2012లో స్వచ్ఛంద నియమావళిని ఏర్పరచుకొన్నది. 2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ ఇగ్నిషన్ కాయిల్‌లో లోపము కనుగొని 2,36,966 మోటారుసైకిళ్లను వెనుకకు పిలిచినది. 2024లో సుజుకి సంస్థ ఇగ్నిషన్ కాయిల్ తీగ నిమిత్తము 3.8 లక్షలకు పైగా స్కూటర్లను పిలిచినది. కాయిల్ వేరు, స్విచ్ వేరు. అయినను రెండును ఒకే గొలుసులోని కడియములు. ఏది తెగినను బండి నడిరోడ్డున నిలిచిపోవును. తన తప్పును తానే ప్రకటించిన కంపెనీని మేము నిందింపము; అది మెచ్చదగిన పనియే. మా ప్రశ్న ప్రకటన తరువాతి ఘట్టమును గురించి.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు కొను మనవారికి గ్యారంటీ అనగా నేమో బాగుగా తెలియును: గడువులోపల వన్నె తగ్గిన మార్చి ఇత్తురు, గడువు తీరిన లేదు. రీకాల్ అట్టిది కాదు. అది గడువుపై ఆధారపడిన దయ కాదు. అమ్మునాటికే వస్తువులో దాగియున్న దోషమునకు తయారీదారు తీర్చవలసిన ఋణము. కాబట్టి వారంటీ ముగిసినదనియు, సర్వీసులు సకాలమున చేయింపలేదనియు చెప్పి రీకాల్ పనిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టములోని 110–ఏ విభాగము, ప్రజలకు హాని కలిగించు లోపమున్న వాహనములను వెనుకకు పిలువవలసినదిగా తయారీదారును ఆదేశించు అధికారమును కేంద్ర ప్రభుత్వమున కిచ్చినది. 2021 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమముల ప్రకారము ఇది ఏడేండ్లలోపు వాహనములకు వర్తించును. అపరాధ రుసుము 10 లక్షల నుండి 1 కోటి రూపాయల వరకు ఉండును.

చట్టము ఢిల్లీలో పుట్టును, ప్రకటన పత్రికలో వచ్చును. బండి మాత్రము గుడివాడ షోరూములోనో, బందరు షోరూములోనో బాగుపడవలెను. అచ్చటనే చిక్కు. దివిసీమ నుండి వచ్చు మా విద్యార్థి ఒకనికి రాత్రివేళ పులిగడ్డ వంతెన సమీపమున బండి ఆగి దీపమారినది. తన బండి సంఖ్య కంపెనీవారి రీకాల్ జాబితాలో ఉన్నదని ఫోనుచేసి తెలిసికొని అతడు షోరూమునకు పోయెను. మొదటి పర్యాయము, “మీరు మొదటి ఓనరు కాదు కదా” అనిరి. రెండవ పర్యాయము, “ఎక్కడ కొన్నారో అక్కడికే తీసుకెళ్లండి” అనిరి. మూడవ పర్యాయము, “పార్టు రాలేదు, వస్తే ఫోను చేస్తాము” అనిరి. ఫోను నంబరు మాత్రము వ్రాసికొనలేదు. మూడు రోజుల తరగతులు, మూడు పర్యాయముల పెట్రోలు వ్యర్థమైనవి. నాలుగవ పర్యాయము అతడు మా సలహాపై తేదీ, ఛాసిస్ సంఖ్య, వెనుకటి మూడు సమాధానములు ఒక కాగితముపై వ్రాసి, నకలుపై సంతకము చేసి ఇండని మాత్రమే అడిగెను. సంతకము చేయలేదు గాని మేనేజరు లోపలినుండి వచ్చి కూర్చుండబెట్టి మాటలాడెను. పది రోజులలో భాగము వచ్చినది. బిగించుటకు గంటసేపైనను పట్టలేదు.

ఆ మూడు సమాధానములలో మొదటిది మా జిల్లాకు అత్యంత ప్రమాదకరమైనది. రీకాల్ కబురు సాధారణముగా కంపెనీ పుస్తకములలో ఉన్న మొదటి కొనుగోలుదారుని ఫోనునకు పోవును. మన పల్లెలలోనో, బండి రెండు మూడు చేతులు మారినదై యుండును. విజయవాడలో ఎవరో అమ్మిన బండిని కోడూరులో ఒక కౌలురైతు కొనును. కబురు విజయవాడకు పోవును, లోపము కోడూరులో నిలుచును. లోపము యంత్రములో ఉన్నదే గాని యజమాని పేరులో లేదు. చేయి మారినంత మాత్రాన ఋణము తీరునా?

డీలర్ల పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. సర్వీసునకు వచ్చిన బండిపై నూనె, విడిభాగములు, కూలి అన్నిటను వారికి కొంత మిగులును. రీకాల్ పనికి కంపెనీ ఇచ్చు నిర్ణీతమైన కూలియే దిక్కు. భాగములు కంపెనీ పంపినప్పుడే వచ్చును. జనము కోపమంతయు తయారీదారును గాక తమపై చూపుదురను బాధయు వారికి కలదు. ఇవి వాస్తవములే. కాని ఇవి డీలరునకును కంపెనీకిని మధ్య తేలవలసిన లెక్కలు. ఆ లెక్క తేలువరకు గట్టుమీద రాత్రిప్రయాణము చేయువాడు ప్రాణమును పణముగా పెట్టవలెననుట ధర్మము కాదు. భాగము రానిచో రాలేదని వ్రాసి ఇచ్చుటకును, వరుసలో పేరు నమోదు చేయుటకును ఏ డీలరునకు పైసా ఖర్చు లేదు.

చట్టము కూడ డీలరును విడిచిపెట్టలేదు. 2020 జూలై 20 నుండి అమలులోనున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టము, వస్తువు వలన హాని కలిగినప్పుడు తయారీదారుతో పాటు విక్రేతను కూడ కొన్ని సందర్భములలో బాధ్యునిగా చేసినది. ప్రమాదమును గురించి తయారీదారు చేసిన హెచ్చరికను కొన్నవారికి అందజేయకపోవుట అట్టి సందర్భములలో ఒకటి. తెలుపవలసిన సమాచారమును బుద్ధిపూర్వకముగా దాచుట సేవాలోపము క్రిందికి వచ్చును. ఫిర్యాదుదారు తాను నివసించు జిల్లాలోనే కేసు వేయవచ్చును. కృష్ణాజిల్లా వినియోగదారుల కమిషన్ మన బందరులోనే ఉన్నది. 5 లక్షల రూపాయల లోపు విలువకు దాఖలు రుసుము లేదు. అంతవరకు పోకముందే 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

రసీదు, జవాబుదారీ, దాఖలా — ఈ మాటలు పారసీకము నుండి ఉర్దూ గుండా తెలుగులోనికి వచ్చి మన కచేరీలలోను అంగళ్లలోను ఇంటిమాటలైనవి. రసీదు అనగా ‘చేరినది’ అని అర్థము. జవాబుదారీ అనగా జవాబు చెప్పవలసిన బరువు. రెండు భాషలు చదువుకొనుచున్న మన విద్యార్థులకు ఈ మాటల విలువ ఇతరులకంటె బాగుగా తెలియవలెను. రసీదు లేనిచోట జవాబుదారీ ఉండదు. నోటితో అడిగినది గాలిలో కలిసిపోవును. నోటితో నిరాకరించినది నిరాకరణముగా రుజువు కాదు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి: ప్రభుత్వము రీకాల్‌కు ఆదేశించునప్పుడు ఎందరు యజమానులు ఫిర్యాదు చేసిరనునది చట్టము ప్రకారమే పరిగణనకు వచ్చు అంశము. మనము లోలోపల మ్రింగిన ఫిర్యాదు ఆ లెక్కలోనికి ఎన్నడును చేరదు. ఒక్కని కాగితము అతని బండికే గాక, అదే నమూనా బండిపై పోవు వేలమందికి పనికివచ్చును.

విద్యార్థి మిత్రులకు మా మనవి ఇది. మీ ఆర్.సి.లోని ఛాసిస్ సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి ఉంచుకొనుడు. ఆ సంఖ్యతో కంపెనీ వెబ్‌సైటులోగాని, ఫోనులోగాని మీ బండికి రీకాల్ కలదేమో విచారించుడు; పాతబండి కొనునప్పుడు ఈ విచారణ తప్పనిసరి. షోరూములో జాబ్ కార్డు లేకుండ బండిని అప్పగింపకుడు. నడుచుచుండగా ఇంజను ఆగిన సంగతి అందులో స్పష్టముగా వ్రాయింపుడు. స్విచ్ వదులైనదని అనుమానమున్నచో ఇంటి తాళములు, గోదాము తాళములు అదే గుత్తికి వ్రేలాడదీయకుడు. ఇది తాత్కాలికమైన జాగ్రత్తయే గాని మరమ్మతునకు మారు కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మరియొక విన్నపము. నోటీసు బోర్డుపై రీకాల్ ప్రకటనలకు జానెడు చోటు కేటాయింపుడు. కార్యాలయమున ఒక రిజిష్టరు ఉంచి, విద్యార్థుల బండ్ల లోపములను, డీలర్ల సమాధానములను తేదీలతో నమోదు చేయింపుడు. ఒకే కంపెనీపై పది ఫిర్యాదులు చేరిననాడు కళాశాల పేర ఒక్క ఉత్తరము వ్రాసినచో, ఒంటరిగా పోయిన విద్యార్థికి దొరకని జవాబు దానికి దొరకును. జాతీయ సేవా పథకము శిబిరములలో మన విద్యార్థులు పల్లెలకు పోవుచున్నారు. రోడ్లు ఊడ్చుటతో పాటు ఒక సాయంకాలము గ్రామములోని బండ్ల సంఖ్యలు వ్రాసికొని, రీకాల్ ఉన్నవేవో చూచి చెప్పిరాగలరు. చదువుకొన్న కుమారుడున్న ఇంటికి ఈ సంగతులు ఏదో విధమున తెలియును. చదువురాని పాలవానికి, చేపలవానికి తెలియజెప్పువారెవరు? అర్జీ వ్రాయుట నేర్చినవారు అది రానివారికొరకు వ్రాయనిచో ఆ చదువు పరీక్షలకే గాని ఊరికి పనికిరాదు. దీనికి ధనమక్కర లేదు. ఒక రిజిష్టరు, కొన్ని తెల్లకాగితములు, ఇద్దరు ముగ్గురు ఓపికగల విద్యార్థులు చాలును. ఈ విద్యాసంవత్సరముననే ప్రారంభింపుడని కోరుచున్నాము.