మొదటి వాక్యమే కొండంత!

'సంక్రాంతి సెలవుల్లో ఏం చేశావో ఒక పేజీ రాసుకురా' అంటారు టీచరు. మిగతా పిల్లలకు అది అరగంట పని. ఆటిజం ఉన్న పద్నాలుగేళ్ల కుర్రాడి ముందు రెండు గంటలు గడిచినా నోట్సులో తేదీ తప్ప ఏమీ ఉండకపోవచ్చు. పోనీ ఏమీ గుర్తులేదా అంటే... ఊరెళ్లిన రైలు నంబరూ, అది ఏ స్టేషన్లో ఎన్ని నిమిషాలు ఆగిందీ గడగడా చెప్పేస్తాడు. 'ఇంత తెలిసినవాడివి, రాయడానికేం బద్ధకం?' అని నాన్న కసురుకుంటాడు. ఆ గొంతు వినగానే పిల్లాడు ఇంకా బిగుసుకుపోతాడు. రాత్రి పదయ్యేసరికి ఇక లాభంలేదని అమ్మే చెబుతుంది, వాడు అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటాడు. మర్నాడు నోట్సులో 'గుడ్' పడుతుంది. అది ఎవరికి పడినట్టు?

చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి సాగే తంతు ఇది. చిన్న తరగతుల్లో ఎలాగోలా గడిచిపోతుంది. ఎనిమిది, తొమ్మిదికొచ్చాక 'సొంతమాటల్లో రాయండి' అన్న ప్రశ్నలు పెరుగుతాయి. పరీక్ష హాల్లో అమ్మ పక్కన ఉండదు కదా!

ఎక్కడ ఆగిపోతోంది?

అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది చిన్నారుల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యలోకం దృష్టికొచ్చింది. వాళ్లలో కొందరి జ్ఞాపకశక్తి అమోఘమనీ, మాటల్ని ఉన్నదున్నట్టుగానే అర్థం చేసుకుంటున్నారనీ ఆయన అప్పుడే గమనించారు. ఆటిజం అందరిలోనూ ఒకేలా ఉండదు. అయినా వ్యాసం దగ్గర తడబడే పిల్లల్లో ఈ రెండో లక్షణం తరచూ కనిపిస్తుంది. 'సెలవుల్లో ఏం చేశావు' అంటే పది రోజుల్లో చేసినవన్నీ అని అర్థం. అందులో ఏది రాయాలి, ఏది వదిలేయాలి? ప్రశ్నలో ఆ సంగతి లేదు. పాఠంలో 'కాళ్లకు బుద్ధి చెప్పాడు' అని ఉంటే, పారిపోయాడని ఎవరైనా విడమరిచి చెప్పాల్సిందే. 'నువ్వు ఆ రాజు స్థానంలో ఉంటే ఏం చేస్తావు?' అనడిగితే, 'నేను రాజును కాదు' అన్నది వాళ్ల దృష్టిలో సరైన జవాబే.

పైగా రాయడమంటే ఒక్క పని కాదు. విషయం ఎంచుకోవాలి, వరస పెట్టుకోవాలి, వాక్యం కట్టాలి, ఒత్తులూ దీర్ఘాలూ చూసుకోవాలి, చదివేవాళ్లకు ఏది తెలియదో ఊహించాలి. చేతివేళ్ల పట్టు సరిగా కుదరని పిల్లలకు పెన్ను పట్టుకోవడమూ శ్రమే. ఇన్నీ ఒక్కసారిగా మీదపడితే మొదటి వాక్యం దగ్గరే బండి ఆగిపోతుంది.

మెట్లు కట్టండి!

ముందు ప్రశ్నను చిన్నది చేయండి. 'సెలవుల్లో ఏం చేశావు' బదులు 'భోగి రోజు పొద్దున్న లేవగానే ఏం చూశావు?' అనండి. తర్వాత ఏమైంది, అప్పుడెవరున్నారు, నీకు నచ్చిందేంటి, నచ్చనిదేంటి... ఒక్కో ప్రశ్ననూ ఒక్కో చీటీ మీద రాసివ్వండి. జవాబు ఒక్క ముక్కలో ఉన్నా ఫర్వాలేదు. చీటీలన్నీ బల్లమీద పరిచి వరసలో పెట్టమంటే వ్యాసానికి పునాది పడినట్టే.

వాళ్లకు ఇష్టమైనదాన్ని దారిగా వాడుకోండి. రైళ్లంటే ప్రాణమైన పిల్లాడు పండగ గురించి రాయడానికి మొరాయిస్తే, సంక్రాంతికి ప్రత్యేక రైళ్లు ఎందుకు వేస్తారో రాయమనండి. ఊళ్లకు వెళ్లే జనం, ఇంటి దగ్గర ఎదురుచూసే తాతయ్య, ముగ్గులు... అన్నీ ఆ రైలెక్కే వస్తాయి.

పెన్ను కదలకపోతే నోటితో చెప్పనివ్వండి. ఫోన్లో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయం ఉంది. లేదంటే మీరే రాసిపెట్టండి. అయితే వాళ్లు అన్న మాటనే రాయాలి, బాగుంటుందని మీ మాట చేర్చకూడదు. ఇంకోటి, ఎక్కడ ఆపాలో కూడా ముందే చెప్పాలి. 'బాగా రాయి' అంటే ఎంతో వాళ్లకు తెలియదు. 'ఎనిమిది వాక్యాలు' అంటే తెలుస్తుంది. మధ్యలో ఒక విరామం ఎప్పుడో గడియారం చూపించి చెబితే ఇంకా కుదురుగా కూర్చుంటారు.

గీత ఇక్కడే!

ప్రశ్న ఇవ్వడం, వరస చూపించడం, చెప్పింది రాసిపెట్టడం... ఇవన్నీ సాయమే. వాక్యం మనమే అల్లి ఇస్తే మాత్రం అది వాళ్ల వ్యాసం కాదు. ఫోన్లో కృత్రిమ మేధతో రాయించినా అంతే. వాళ్ల వాక్యం పొట్టిగా ఉంటుంది, అతుకులు కనిపిస్తాయి. 'గాలిపటాల చప్పుడు బాగుంది. మైకు చప్పుడు బాగాలేదు' అని రాస్తే కొట్టేయకండి. పండగ ఆ పిల్లాడి చెవులకు ఎలా వినిపించిందో అందులో ఉంది. మనం చెప్పి రాయించే 'సంక్రాంతి రైతుల పండుగ'లో అది దొరకదు.

వయసునూ గుర్తుంచుకోవాలి. పద్నాలుగేళ్ల పిల్లలకు అమ్మ పక్కనే కూర్చోవడం నామోషీగా ఉంటుంది. చీటీలు ఇచ్చి పక్క గదిలోకి వెళ్లండి. ఈ నెల ఆరు ప్రశ్నలిస్తే వచ్చే నెల నాలుగు ఇవ్వండి. తర్వాత ప్రశ్నలు వాళ్లనే రాసుకోమనండి.

బడితో కూడా మాట్లాడాలి. దివ్యాంగుల హక్కుల చట్టం-2016లో ఆటిజం ఉంది. పరీక్షలో అదనపు సమయం, జవాబులు రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు కల్పించాలని ఆ చట్టం చెబుతోంది. అర్హులైన విద్యార్థులకు సీబీఎస్‌ఈ 3 గంటల పరీక్షకు 60 నిమిషాలు అదనంగా ఇస్తుంది. ఇతర బోర్డుల నిబంధనలు వేరుగా ఉంటాయి కాబట్టి పరీక్షలు దగ్గరపడేదాకా ఆగకుండా, వైకల్య ధ్రువపత్రంతో విద్యాసంవత్సరం మొదట్లోనే ప్రధానోపాధ్యాయుల్ని కలవడం మంచిది. సహాయకుడితో రాయించడానికీ సాధన కావాలి. హాల్లో ఆ మనిషి చేతికి అందించాల్సిన మాటలు పిల్లాడి దగ్గరే ఉండాలి మరి. వాటిని పోగుచేసుకునే చోటు ఇంట్లో ఆ హోంవర్క్ నోట్సే!