ఆట అందరిదేనట, మైదానమో?

ఐపీఎల్ రోజుల్లో బెంజ్ సర్కిల్ టీ బడ్డీల కాడ నిలబడితే కులం పోయినట్టే ఉంటుంది. సిక్సరు పడితే ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలీదు. మ్యాచ్ అయిందా, ఎవరి వాడకి వాళ్ళే.

2002 నవంబరు 24న ఇదే బందరు రోడ్డు మీది ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్ మనవాళ్ళని ఓడించింది. ఆ నల్లజాతి ఆటగాళ్ళ దేశాల్లో కూడా 1960లో ఫ్రాంక్ వొరెల్ వచ్చేదాకా ఒక సిరీస్ మొత్తానికి నల్లవాణ్ణి కెప్టెన్ని చెయ్యలేదు. బంతి వెయ్యొచ్చు, పెత్తనం చెయ్యకూడదు!

మన పల్వంకర్ బాలూ సంగతీ అంతే. చమార్ బిడ్డ. 1911లో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీశాడు. పూనాలో జట్టు వాళ్ళకి పింగాణీ కప్పులు, ఆయనకి బయట మట్టి ముంతలో టీ. మన రెండు గ్లాసుల హోటళ్ళు గుర్తుకు రావడంలా? హిందూ జట్టుకి ఆయన్ని కెప్టెన్ని చెయ్యలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కి దక్కింది.

ఇవాళ ఆటగాళ్ళకి కోట్లలో వేలం. అందులో మనోళ్ళెందరని అడిగితే ఆటలోకి కులం తేవద్దంటారు. మేం తెచ్చామా? డెల్టా పల్లెల్లో కోతలయ్యాక చేలో ఆడదామంటే మినుము మొలిచి ఉంటుంది. ఆ చేనూ మనది కాదు.