పరదేశమున స్థిరనివాసము

కట్టంగూరునుండి హైదరాబాదు విమానాశ్రయమునకు కూఁతును సాగనంపు తల్లి, పెట్టెలో ఊరగాయ సర్దుటతోనే తృప్తి చెందరాదు. కెనడాలో స్థిరనివాసినిగా దిగు స్త్రీ పాసుపోర్టును, నివాసధ్రువపత్రమును తన చేతిసంచిలోనే యుంచుకొనవలయును. వెనుక రానున్న సామానుల పట్టికను సుంకపుటధికారికి నాఁడే చూపవలెను. అయిదేండ్లలో 730 దినములైన నచట నివసింపనిచో హక్కు చేజారవచ్చును. ఓటుహక్కు పౌరసత్వము వచ్చిన పిమ్మటనే.

2012లో, కొత్తగా పెండ్లియై వచ్చిన కొందఱు భార్యలు రెండేండ్లు భర్తతోఁ గాపురముండి తీరవలెనని షరతు విధించిరి. బాధలుపడియు నోరువిప్పలేని స్త్రీల స్థితి నెఱిఁగి 2017లో దానిని రద్దుచేసిరి. వివాహము నిజమైనదైనచో, హింసించు భర్తనుండి తొలఁగినంతమాత్రమున నివాసహక్కు పోదు. ఈ మాట అమ్మాయి చెవిని వేసి పంపుఁడు; సారెకంటె నది మిన్న.