సారా వేరు, కైపిరీన్యా వేరా?

"దూబగుంట ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయించిన రాష్ట్రంలో స్త్రీవాదులు మామిడిపండు కాక్‌టెయిల్ కలుపుకుంటున్నారా!" అని ఒక సాహిత్య మిత్రుడు వాపోయాడు. పుంగనూరులో ఒక స్నేహితురాలి ఇంట్లో మేం నలుగురం కలిసి చేసుకున్న కైపిరీన్యా కబురు ఎవరి ద్వారానో ఆయన చెవిన పడింది. ఆయన తాగుతాడు. సభ ముగియగానే ఏ హోటలు గదికి చేరుకోవాలో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలీదు. అయినా బాధ మాత్రం ఆయనకే ఎక్కువ కలిగింది. అదే మాటని కాస్త మెత్తగా, కాస్త సిద్ధాంతం జోడించి అంటున్న స్త్రీవాద మిత్రులూ ఉన్నారు. అందుకే ఈ జవాబు.

ముందు అసలు ఆ పానీయం ఏమిటో చూద్దాం. పేరులోనే కైపు ఉందని మేం నవ్వుకున్నాం గానీ, పోర్చుగీసులో 'కైపిరా' అంటే పల్లెటూరి మనిషి, కాస్త ఎగతాళిగా అనే మాట. దాని ముద్దుపేరు కైపిరీన్యా. బ్రెజిల్ వాళ్ళు దీన్ని కషాసాతో చేస్తారు. పచ్చి చెరకు రసాన్ని పులియబెట్టి వంచిన సారాయే కషాసా. అది మా వైపు వైన్ షాపుల్లో నాకెక్కడా కనపడలేదు కాబట్టి తెల్ల రమ్ముతో సరిపెట్టుకున్నాం. ఒక పెద్ద నిమ్మకాయని తొక్కతో సహా ఎనిమిది ముక్కలు చేసి, మధ్యలోని తెల్లటి ఈనె తీసెయ్యాలి. లేకపోతే చేదొస్తుంది. మందపాటి గ్లాసులో ఆ ముక్కలు, రెండు చెంచాల చక్కెర, పులుపు పూర్తిగా పోని తోతాపురి మామిడి ముక్కలు నాలుగైదు వేసి పప్పుగుత్తితో ఎనపాలి. చిత్తూరు మాటలో 'ఎనపడమే' సరైనది, దంచడం కాదు. తొక్కలోని నూనె దిగాలి, తొక్క నలిగిపోకూడదు. పైన ఐసు, అరవై మిల్లీలీటర్ల రమ్ము. అంతే.

పండు కలిసింది కాబట్టి దీన్ని 'లేడీస్ డ్రింక్' అంటారు! రమ్ము సీసా మీద 42.8 శాతం అని రాసుంటుంది. మామిడి ముక్క ఆ అంకెని తగ్గించదు. వాసన మాత్రం దాచిపెడుతుంది. ఆడవాళ్ళకి తియ్యగా, రంగురంగులుగా, గడ్డీ గొడుగూ గుచ్చి ఇస్తే చాలనుకునే వ్యాపార బుద్ధికి పుట్టిన పేరు అది. ఆదివారం అనుబంధాల్లో 'ఆమె చేతిలో గ్లాసు, ఆమె స్వేచ్ఛ' తరహాలో వచ్చే ఫోటో వ్యాసాలతోనూ నాకు పేచీ ఉంది. కొత్త గిరాకీ కోసం వెతుక్కునే కంపెనీకి మన విముక్తితో పనేమిటి?

కానీ నా అసలు తగాదా దూబగుంట పేరు చెప్పి మందలించే వాళ్ళతో.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి కూలి ఆడవాళ్ళు ఎందుకు లేచారు? అక్షరాస్యత తరగతుల్లో రాత్రిళ్ళు కూర్చుని వాళ్ళు మాట్లాడుకున్నది మద్యపానం పాపమా పుణ్యమా అని కాదు. మగవాళ్ళ కూలి డబ్బు ఇంటికి చేరకుండానే సారా అంగడికి పోతోంది. ఇంటికి చేరేది మాత్రం దెబ్బలు. ఆ సారాని ఊరూరికీ చేర్చింది ప్రభుత్వం. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో పొట్లాలు కట్టించి మరీ పంపింది. కాంట్రాక్టర్లు, వేలంపాటలు, ఖజానా ఆదాయం, వీటికి ఎదురు నిలిచారు వాళ్ళు. అది కూలి కోసం, ఒంటి మీద దెబ్బ పడకుండా ఉండటం కోసం జరిగిన పోరాటం. దాన్ని ఆడవాళ్ళ శీలానికి కట్టిన కంచెగా మార్చి చెప్పడం ఆ ఉద్యమానికి చేసే అవమానం.

ఆ విజయాన్ని ఏం చేశారో కూడా గుర్తు చేసుకుందాం. 1993 అక్టోబరులో సారా నిషేధం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. దాన్ని తెచ్చిన ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వ హయాంలోదే వెనకటి వారుణి వాహిని కూడా. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఆయన 1989 నుంచీ కుప్పం ఎమ్మెల్యే. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పుట్టిందీ ఆ ఏడాదే. అయితే ఎత్తేసింది దేన్ని? బ్రాందీ, విస్కీ, రమ్ముల మీద నిషేధాన్ని. సారా మీద నిషేధం అలాగే ఉండిపోయింది. అంటే ఫ్యాక్టరీ సీసాకి లైసెన్సు, కుండకి జైలు. 2024 అక్టోబరులో కొత్త విధానం తెచ్చి, 99 రూపాయలకే క్వార్టరు సీసా అన్నప్పుడు దూబగుంట పేరు ఎత్తి ఏడ్చినవాళ్ళు ఎంతమంది? నలుగురు ఆడవాళ్ళ గ్లాసుకి ఉన్నంత బరువు ఆ సీసాకి లేకపోయింది!

బ్రెజిల్ కథ ఇక్కడే మనకు పనికొస్తుంది. కషాసా పుట్టింది చెరకు తోటల్లో, బానిసలు పని చేసిన గానుగల దగ్గర. పోర్చుగల్ తన ద్రాక్షసారా వ్యాపారం కోసం దాన్ని నిషేధించి చూసింది. పన్ను వేస్తే 1660లో రియో తోటల యజమానులు తిరగబడ్డారు. 1888 దాకా అక్కడ బానిసత్వం పోలేదు. ఇవాళ అదే కషాసా ఆ దేశపు గర్వం. 38 నుంచి 48 శాతం ఉంటేనే కషాసా అని చట్టంలో రాసుకున్నారు. గానుగ తిప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఏ సీసా మీదా ఉండవు.

చిత్తూరు ప్రాంతమూ చెరకు నేలే. మన దగ్గర రసం బెల్లమవుతుంది, నల్లబెల్లం తుమ్మచెక్కతో కలిసి ఊటవుతుంది, ఊట సారా అవుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టూ ఉన్న కొండవారల్లో, తండాల్లో పోలీసులు బెల్లం ఊట పారబోసిన వార్త పేపర్లో జిల్లా పేజీ మూలన వస్తూనే ఉంటుంది. పట్టుబడిన వాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. పొలం లేక, వానల్లేక, మగాడు బెంగుళూరుకి కూలికి పోతే పొయ్యి మీద కుండ పెట్టిన ఆడమనిషి నేరస్తురాలు. అదే చెరకు మొలాసిస్ నుంచి వచ్చిన రమ్ము సీసాని బిల్లుతో సహా అమ్మేవాడు వ్యాపారి. నాటుసారాని వెనకేసుకు రావడం లేదు నేను. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2025 అక్టోబరులో మదనపల్లెకి దగ్గర్లోనే ములకలచెరువులో బయటపడింది మాత్రం తండా కుండ కాదు, సీసాలూ లేబుళ్ళూ ఉన్న నకిలీ మద్యం తయారీ కేంద్రం. ప్రమాదం ఎక్కడుందో చట్టం చూసే చూపూ, జరిగేదీ ఒకటి కాదంటున్నాను.

మరి మా పుంగనూరు వంటింటి సంగతి? ఆ రమ్ము సీసా తెచ్చింది స్నేహితురాలి తమ్ముడు. షాపు ముందు నిలబడే ధైర్యం లేక కాదు. ఆమె ఆ ఊళ్ళో అద్దెకుంటుంది, ఉద్యోగం చేస్తుంది. మరునాటికి ఇంటి ఓనరు ఏమంటాడో ఆమెకు తెలుసు. ఇంట్లో మగవాళ్ళు తాగితే నంజుకోవడానికి వేయించి పెట్టేదీ, కక్కితే కడిగేదీ ఎవరో మనకందరికీ తెలుసు. దాన్ని 'సరదా' అంటారు. ఆ వంటింట్లోనే ఆమె తన కోసం ఒక నిమ్మకాయ కోసుకుంటే 'ఉద్యమ ద్రోహం' అవుతుంది! ఇంకో సంగతీ చెప్పాలి. మేం తాగి వదిలిన గ్లాసుల్ని మర్నాడు పొద్దున తోమవలసింది పనికొచ్చే అమ్మాయి. ఆ మాట మాలో ఒకరికి ఆ రాత్రే తట్టింది కాబట్టి తోమి బోర్లించాం. తాగే హక్కు గురించి రాసే వాళ్ళ రచనల్లో ఈ గ్లాసులు కనపడవు. తాగకూడదని చెప్పే వాళ్ళ రచనల్లోనూ కనపడవు.

పరిశోధకులైన మిత్రులకి ఒక పని చెబుతాను. సారా వ్యతిరేకోద్యమం మీద సదస్సులు, పత్రాలు చాలా వచ్చాయి. 1997 నుంచి ఇప్పటి దాకా మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో సారా కేసుల్లో పట్టుబడిన ఆడవాళ్ళు ఎంతమంది? వాళ్ళ కులమేమిటి, ఎన్ని రోజులు లోపలున్నారు, జామీనుకి ఎవరొచ్చారు? ఎక్సైజ్ స్టేషన్లలో రికార్డులుంటాయి, 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తుకి పది రూపాయలు.