గమ్యము తెలియని ప్రయాణము

చార్మినారు పరిసరములలో నడచిపోవువానికి ప్రయాణపు టికెట్లు ఏర్పాటుచేయు చిన్న దుకాణములు పెక్కు కనిపించును. ఉమ్రాకు పోవు వృద్ధ దంపతులు, గల్ఫులో కొలువు దొరికిన యువకులు, కొడుకును చూడబోవు తల్లులు అచ్చట కూర్చుండి పాస్‌పోర్టులు తిరుగవేయుచుందురు. వారిలో ప్రతి ఒక్కరికిని తాము పోవలసిన ఊరు తెలియును. ఒకరిది మక్కా, ఒకరిది దుబాయి, మరియొకరిది దమ్మాము. ఊరు ముందు, టికెట్టు తరువాత. అనాదిగా లోకమున ప్రయాణరీతి ఇదియే.

ఇప్పుడు ఈ రీతిని తలక్రిందులు చేసిన వర్తకమొకటి ప్రపంచమున వ్యాపించుచున్నది. అందులో సొమ్ము ముందు, ఊరు తరువాత. ప్రయాణికుడు తనకు వీలైన తేదీలు చెప్పి ధర చెల్లించును. తానెచ్చటికి పోవుచున్నాడో సొమ్ము చెల్లించిన పిమ్మటగాని, ఒక్కొక్కప్పుడు విమానాశ్రయము చేరిన పిమ్మటగాని అతనికి తెలియదు. విమానము, హోటలు, విహారము అన్నింటిని ఒక మూటగా కట్టి అమ్ముదురు. మూట విప్పువరకు లోపలి సరకు కనిపించదు. మన అంగళ్లలోని గంపగుత్త బేరము దీనికి దగ్గరి చుట్టము.

ఇది నిన్న మొన్న పుట్టిన ఊహ కాదు. 1932లో ఇంగ్లండునందలి గ్రేట్ వెస్టర్న్ రైల్వే లండను నుండి ఒక రైలును నడిపెను. అది ఎచ్చట ఆగునో ఎక్కినవారికి చెప్పలేదు. ఒక్క దినము పల్లెపట్టున నడచి రావలెనని కోరిన నగరవాసులు దానిని ఉత్సాహముతో ఎక్కిరి. 2016లో జపాన్ ఎయిర్‌లైన్సు సంస్థ ఒక పద్ధతిని ప్రవేశపెట్టెను. ప్రయాణికుడు తాను కూడబెట్టుకొన్న మైళ్లను ఇచ్చినచో నాలుగు ఊళ్ల పేర్లు చూపి, వానిలో ఒకదానిని సంస్థయే నిర్ణయించి తరువాత తెలుపును. 2021లో అదే దేశమున పీచ్ అను విమానసంస్థ, పిల్లలు బొమ్మలకై నాణెము వేయు యంత్రము వంటి దానిని ఒసాకాలో నిలిపి, 5,000 యెన్లకు ఒక బిళ్లను అమ్మెను. ఆ బిళ్ల విప్పినచో ఒక ఊరి పేరు, అచ్చటికి టికెట్టు కొనుటకు అక్కరకు వచ్చు పాయింట్లు ఉండును. 2024లో స్కాండినేవియా దేశముల విమానసంస్థయగు ఎస్.ఏ.ఎస్., గమ్యము చెప్పకయే ఒక విమానమును కోపెన్‌హేగను నుండి నడుపగా, అందలి ప్రయాణికులు ఏథెన్సు నగరమున దిగిరి.

దీని వెనుక నున్న వ్యాపార సూక్ష్మము విద్యార్థులు గ్రహింపదగినది. విమానము నేల విడిచిన క్షణమున అందలి ఖాళీ కుర్చీకి విలువ సున్న. సాయంకాలమునకు మిగిలిన ఆకుకూరను మరునాడు అమ్మలేనట్లే, నిన్నటి కుర్చీని నేడు అమ్మలేము. కావున వర్తకుడు దానిని చౌకగానైనను అమ్మజూచును. కాని ఫలానా ఊరికి ధర తగ్గించితిమని చాటినచో, పూర్తి ధర ఇచ్చి పోవలసినవారు గూడ ఆ తగ్గింపు కొరకే కాచుకొని యుందురు. ఊరి పేరు దాచినచో ఆ చిక్కు తీరును. పెండ్లికో, పరీక్షకో, వైద్యమునకో ఒకానొక ఊరికి పోవలసినవాడు ఇట్టి టికెట్టు కొనడు. ఎచ్చటికైనను సరే యనువాడు మాత్రమే కొనును. అనగా ప్రయాణికుడు తన నిర్ణయాధికారమును కొంత వదులుకొని, దానికి వెలగా ధరలో తగ్గింపు పొందుచున్నాడు. బేరము స్పష్టముగా ఉన్నంతవరకు ఇందు మోసమేమియు లేదు.

ఈ వర్తకము మనుష్యుని హృదయములోని ఒక నిజమైన కొరతను కనిపెట్టినదని గూడ ఒప్పుకొనవలెను. నేడు మనము ఒక ఊరికి పోవక మునుపే ఆ ఊరి కోట, కొండ, భోజనశాల, పడకగది సమస్తమును అరచేతిలోని తెరపై చూచి ముగించుచున్నాము. అచ్చటికి పోయిన పిమ్మట, చూచిన బొమ్మతో ఎదుటి వస్తువును సరిపోల్చుకొనుట తప్ప మనకు పని యుండదు. అబ్బురపాటు మన ప్రయాణములనుండి తొలగిపోయినది. పోగొట్టుకొన్న దానిని వెలయిచ్చి తిరిగి కొనుచున్నాము.

ఐనను తెలియకపోవుటలో రెండు విధములు కలవు. ప్రయాణికునకు తెలియక, నడుపువానికి తెలిసియుండుట మొదటిది. నడుపువానికి గూడ తెలియకుండుట రెండవది. మొదటిది వినోదము. రెండవది ప్రాణముల మీదికి తెచ్చును. 2014 జూన్ 8వ తేదీని హైదరాబాదు వాసులు మరువలేరు. హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, విహారమునకు వెళ్లిన మన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నదిలోని రాళ్లపై నిలిచియుండగా, ఎగువనున్న లార్జీ జలవిద్యుత్కేంద్రపు ఆనకట్ట నుండి విడిచిన నీరు వారిని ముంచివేసెను. 24 మంది విద్యార్థులును, వారి వెంటనున్న యాత్రా నిర్వాహకుడొకడును మరణించిరి. వారు తమ గమ్యము తెలిసియే బయలుదేరిరి. కాని నీరు వచ్చుచున్న సంగతి క్రింద నున్నవారికి తెలియలేదు. ఊరి పేరు దాచినందువలన ఎవరికిని హాని లేదు. అపాయమును గూర్చి ఎరుక లేని ప్రయాణమునకు మాత్రము, ఎంతటి సుందరమైన ఊరి పేరు ముందుగా చెప్పినను రక్షణ లేదు. పిల్లలను వెంటబెట్టుకొని పోవు ప్రతి ఉపాధ్యాయుడును ఈ భేదమును మనస్సున ఉంచుకొనవలెను.

మరియొక తెలియనితనము కలదు. అది జేబునకు సంబంధించినది. ఈ పంక్తులు వ్రాయువాడు కొన్ని సంవత్సరముల క్రిందట ఒక దుకాణమున సరకులు కొని, అచ్చట ఇచ్చిన చీటీపై పేరు, ఫోను నంబరు వ్రాసి పెట్టెలో వేసెను. వారము తిరుగకమునుపే ఒక తియ్యని గొంతు పలికినది: “కంగ్రాచ్యులేషన్స్ సార్! మీకు మూడు రోజుల హాలిడే ఫ్రీగా వచ్చింది. మేడమ్‌ను కూడా తప్పకుండా తీసుకురండి.” ఏ ఊరికో అడిగినచో, వచ్చినప్పుడు చెప్పుదుమనిరి. సతీసమేతముగా పోయితిమి. మూడు గంటలసేపు చల్లని పానీయములతోను, వెచ్చని మాటలతోను మమ్ము కూర్చుండబెట్టి, ఇరువదియైదేండ్ల సభ్యత్వమునకు సంతకము చేయుమని కాగితము ముందు పెట్టిరి. “ఉచితం అన్నదానికి సంతకం ఎందుకండీ?” అని నా భార్య అడిగిన ప్రశ్నయే ఆనాడు మా కుటుంబమును కాపాడినది. వ్యాకరణమున పండితుడనని పేరుపొందిన నాకు ‘ఉచితము’ అను మాటకు అర్థము ఆమె చెప్పవలసి వచ్చినది.

కావున గమ్యము దాచి అమ్మువాడు దాచదగినది గమ్యమొక్కటియే. మొత్తము ధర ఎంత, అందులో ఏవి చేరియున్నవి, ఎంత సామాను తీసికొనిపోవచ్చును, ప్రయాణము మానుకొన్నచో సొమ్ములో ఎంత తిరిగి వచ్చును, వీసా కావలసిన దేశమైనచో ఆ భారము ఎవరిది - ఈ ప్రశ్నలకు సమాధానము ముందుగనే వ్రాతపూర్వకముగా ఉండవలెను. కొనువానికి సరకు యొక్క నాణ్యతను, పరిమాణమును, ధరను తెలిసికొను హక్కు కలదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. అన్యాయము జరిగినచో 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. జిల్లా కమిషను నాశ్రయింపవచ్చును. ఈ సంగతులు పౌరశాస్త్ర పాఠమున ఒక పేరాగా మిగులక, పిల్లల ద్వారా ఇంటింటికి చేరవలెను.

మన భాషలో యాత్రాగ్రంథములకు పెద్దదిక్కైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి వచ్చెను. ఆయన హైదరాబాదు మీదుగనే ఉత్తరమునకు పోయెను. ఆయన గమ్యము నిశ్చితము. కాని రేపటి మజిలీలో నీరు దొరకునో లేదో, బాట ఎట్లుండునో ఆయనకు నిశ్చయముగా తెలియదు. ఆ తెలియనిదంతయు ఆయన తెలిసికొని వ్రాసి పెట్టెను. అందుచేతనే 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర నేటికిని చదువబడుచున్నది. అబ్బురపాటును అనుభవించి విడుచువాడు విహారి. దానిని ఎరుకగా మార్చుకొనువాడు యాత్రికుడు.

దీనికి వేల రూపాయలు అక్కరలేదని గూడ చెప్పవలసియున్నది. గత సంవత్సరము మా తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేసితిమి. పురానాపూల్, బాద్షాహీ ఆషుర్‌ఖానా, పైగా సమాధులు, పురానీ హవేలీ, చౌమహల్లా మొదలుగా పది పేర్లు చీటీలపై వ్రాసి కుండలో వేసితిమి. పది చోట్లను నేను ముందుగా చూచి వచ్చితిని. తలిదండ్రులకు జాబితా పంపితిని. విద్యార్థులకు మాత్రము ఆదివారము ఉదయము చీటీ తీయువరకు ఏమియు తెలియదు. 2023 డిసెంబరు నుండి తెలంగాణమున ఆర్టీసీ బస్సులలో బాలికలకు చార్జీ లేదు గనుక ఆడపిల్లలకు ఖర్చు లేకపోయెను. మగపిల్లలకు బస్సు టికెట్టు వెల మాత్రమే అయ్యెను.

ఆనాడు మీరాలం చెరువు వచ్చినది. “అయ్యో, జూ పక్కదే కదా సార్!” అని పిల్లలు నిరుత్సాహపడిరి. వారిలో అందరును జంతుప్రదర్శనశాలను చూచినవారే. దాని పొరుగుననున్న కట్టను చూచినవారు ఒక్కరును లేరు. 19వ శతాబ్ది తొలినాళ్లలో కట్టిన ఆ కట్టకు 21 కమానులు కలవు. దూరముగా నిలిచి చూచుచుండగా ఒక బాలిక, “ఈ కమానులు నీళ్లవైపు ఎందుకు ఉబ్బి ఉన్నాయి సార్?” అని అడిగెను. నేను తెలుగు పంతులను, నాకు తెలియదంటిని. వెంట వచ్చిన భౌతికశాస్త్రోపాధ్యాయుడు ఇసుకపై గీత గీసి, నీటి ఒత్తిడి ఆ వంపు వెంబడి ప్రక్కలకు ప్రాకి, కమానుల నడుమనున్న స్తంభములపై పడునని వివరించెను. ముప్పది సంవత్సరములుగా ఆ దారిని పోవుచున్న నాకు ఆనాడు ఆ చెరువు కొత్త ఊరైనది.

వచ్చు సెలవులలో స్తోమత గలవారు గమ్యము తెలియని విమానము ఎక్కుదురు గాక. కాగితము చదివి మరి ఎక్కవలెనని మాత్రమే మా మనవి. స్తోమత లేని విద్యార్థులు చిన్నబుచ్చుకొన వలదు. మట్టికుండ ఒకటి, పది చీటీలు, ముందుగా చూచి వచ్చిన ఉపాధ్యాయుడొకడు ఉన్నచో చాలును. తిరిగి వచ్చిన సాయంకాలము ఒక పుట వ్రాయించుడు. పిల్లవాడు చూచినది ఏమో, అడిగినది ఏమో ఆ పుటలో తెలిసిపోవును.